తప్పు పైకి వచ్చే మడత

పోయిన నెల హిందూపురంలో ఒక పెళ్ళికి వెళ్ళాను. భోజనాల బంతిలో నా పక్కన బెంగుళూరు నుంచి వచ్చిన ఒక పెద్దావిడ కూర్చుంది. పుట్టిల్లు రొళ్ల అని చెప్పింది. మాటల మధ్యలో మీది ఏ ఇల్లని అడిగింది. ధర్మవరంలో మాకు పట్టు అంగడి ఉండేదని చెప్పి, మా ఇంటిపేరు చెప్పాను.

"ఆ ఉత్తరాలోళ్ళా?" అంది. చేతిలోని ముద్ద ఆకులో పెట్టేసింది. తర్వాత ఎడమ చేత్తో తన కొంగు పట్టుకుని నాకు చూపించింది. "ఇదో, ఈడ. కొంగుకు జానెడు కింద ఒగ పోగు తప్పిందని మొట్టమొదటే రాసినారు. వారం దినాలు ఆలోచన చేసినా. తప్పు చెప్పి అమ్మేటోళ్ళు ఈ కాలంలో ఎవురుండారని తీసుకున్నా. ఎవురు రాస్తాండిరి అవి?"

"మా అంగడి మనిషి" అన్నాను.

"ఆ తర్వాత ఇంకో ఉత్తరం కూడా వచ్చె లే" అంది. కొంగు సర్దుకుని అటు పక్కకు తిరిగింది.

ఆ ఉత్తరాలు రాసిన మనిషి గురించి రాయాలని అప్పుడే అనుకున్నాను. ఆయన పేరు ఇక్కడ రాయను. నాలుగు వేల ఇండ్లకు పన్నెండేళ్ళ పాటు ప్రతి శుక్రవారం ఉత్తరం పంపిన మనిషి ఒక్కసారి కూడా కింద తన పేరు పెట్టలేదు, మా ఇంటిపేరే పెట్టాడు. అంగట్లో అందరూ ఆయన్ని మడతలాయన అనేవాళ్ళు. నాకంటే తొమ్మిదేళ్ళు పెద్ద. ఆయనతో మాట్లాడినన్నాళ్ళూ నేను నువ్వు అనే అన్నాను.

చీరలు మడిచి పెట్టడమే ఆయన పని. కొనేవాళ్ళకు చూపించిన చీరలు గుట్టగా పడి ఉంటే, సాయంత్రానికి ఒక్కొక్కటే తీసి మళ్ళీ మడతలో పెట్టాలి. మా తాత పెట్టిన నియమం ఒకటి ఉండేది. చేనేత చీరలో ఎక్కడో ఒకచోట పోగు తప్పుతుంది, లేదా జరీ కొంచెం పలచబడుతుంది. ఆ చోటు పైకి వచ్చేలా చీర మడవాలి. విప్పకముందే కొనేవాళ్ళ కన్ను దాని మీద పడాలి. మిగతా అంగళ్ళలో అది లోపలికి పోయేలా మడిచేవాళ్ళు. మడతలాయన చీరను కళ్ళతో వెతికేవాడు కాదు. అరచేతి వెనక భాగంతో నిమిరేవాడు, పిల్లవాడికి జ్వరం చూసినట్టు. చెయ్యి ఆగిన చోట తప్పు ఉండేది. కొనేవాళ్ళు ఆలోచనలో పడితే ఆయన మొహం పక్కకు తిప్పుకునేవాడు. మనం చూస్తా ఉంటే వాళ్ళకు మొహమాటం, వద్దనలేరు అనేవాడు.

రెండో నియమం మా నాయన పెట్టింది. సావుకారి ఊఁ అన్న మాటను మళ్ళీ అడగకూడదు. అంగట్లో నలుగురి ముందు రెండోసారి అడిగించుకుంటే మాటకు విలువ ఉండదని ఆయన నమ్మకం. మడతలాయన ఈ రెండు నియమాలనూ ఒకే రకంగా పాటించాడు. ఆ రెండూ ఒకదానికొకటి అడ్డం వచ్చే రోజు వస్తుందని మాలో ఎవరమూ అనుకోలేదు.

అంగడి ఎందుకు మూతపడిందో ఇక్కడ అవసరం లేదు. మూసిన రోజు అందరూ తలా ఒకటి తీసుకున్నారు. ఒకరు బీరువా తీసుకుంటే, ఒకరు నిలువుటద్దం తీసుకున్నారు. ఆయన అడిగింది మాత్రం కొన్నవాళ్ళ చిరునామాలు, ఫోను నంబర్లు రాసుకున్న ఎర్ర గుడ్డ అట్ట పుస్తకం.

"ఏం చేసుకుంటావప్పా దాన్ని?" అన్నాను.

"ఇన్ని ఇండ్లు మనల్ని మర్సిపోతాయి కదా, చిన్న సావుకారీ" అన్నాడు. అప్పటికి నాకు నలభై దాటాయి. ఆయనకు నేను చివరిదాకా చిన్న సావుకారినే.

నేను పెనుకొండలో మాకు మిగిలిన రెండు గదుల్లోకి మారిపోయాను. ఆయన ధర్మవరంలోనే ఉండి, వారానికి రెండుసార్లు రైలెక్కి పెనుకొండకు వచ్చేవాడు. మా వీధి చివర మహబూబ్ బాషా అనే ఆయన జిరాక్సు అంగడి ఉంది. ధర్మవరంలో కంప్యూటర్లు లేవా అని బాషా అడిగితే, "ఈడయితే చిన్న సావుకారికి దగ్గర" అన్నాడట. పుస్తకంలోని నంబర్లలో చాలావరకు మోగలేదు. మోగిన చోట ఆయన ఇలా మొదలుపెట్టేవాడు. "అమ్మా, మీ అవ్వ మా అంగట్లో ఒగ వంకాయ రంగు చీర తీసుకునింది, ఎడమ అంచులో జరీ కొంచెం పలచన. ఉండాదా ఆ చీర?" ఉంది అన్న ఇంటికి, వారానికి ఒక ఉత్తరం పంపమంటారా అని అడిగేవాడు. ఊఁ అంటేనే ఈమెయిలు రాసుకునేవాడు. అనకపోతే ఇంకెప్పుడూ ఆ ఇంటి జోలికి పోయేవాడు కాదు. ఒక ఇల్లు ఇంకో ఇంటికి చెప్పి, ఆ జాబితా అట్లా పెరిగింది. ఆయన మనుషులను లెక్కపెట్టలేదు, ఇండ్లను లెక్కపెట్టాడు. ఎవరైనా చాలు అని రాస్తే బాషా పేరు తీసేసేవాడు, ఈయన స్టూలు మీద నుంచి లేచి నిలబడేవాడు. "ఒగ ఇల్లు తగ్గింది" అని, మళ్ళీ కూర్చునేవాడు.

వారానికి ఒకే ఉత్తరం, అందులో ఒకే చీర. ముందుగా మగ్గం దగ్గరికి పోయి, చేతులు కడుక్కుని, చీర నిమిరి వచ్చేవాడు. ఉత్తరంలో మొదటి వాక్యం చీరలోని తప్పు. ఆ తర్వాతే రంగు, అంచు, నేసినవాళ్ళ పేరు, ధర. రంగుల పేర్లు ఆయనవే. శనక్కాయ పొట్టు రంగు. వాన పడినాక పెనుకొండ కొండరాయి రంగు. అమరాపురం వక్క ఎండిన రంగు. అద్భుతం, అపురూపం లాంటి మాటలు బాషా చేరిస్తే తీసేయించేవాడు. పంపే ముందు గొంతు తగ్గించి మొత్తం చదివేవాడు. చదువుతున్నంతసేపూ ఎడమ అరచెయ్యి బల్ల మీద బోర్లించి పెట్టుకునేవాడు, మడత లేచిపోతుందేమో అన్నట్టు. ఆ చీర ఆదివారం లోపల అమ్ముడయ్యేది. ఒక్కోసారి అదే చీర కావాలని పది ఇండ్లు రాసేవి. అప్పుడు మిగతా తొమ్మిదింటికీ మగ్గం మీద ఎక్కించేవాళ్ళు. మరమగ్గాలకు ఓడిపోయి, దించేద్దామనుకున్న మగ్గాలు ఒక పదిహేను దాకా ఆ ఉత్తరం మీద నిలబడ్డాయి. చీర పోయినాక నేతగాడు తన ఇష్టం కొద్దీ ఇచ్చిందే ఆయన సంపాదన. దీపావళికి మాత్రం ఒక కవరు తెచ్చి నా కిటికీలో పెట్టేవాడు. "పుస్తకం మీది కదా" అనేవాడు. ఆయన ఎదురుగా నేను ఆ కవరు వంక చూసేవాణ్ణి కాదు. వెళ్ళిపోయినాక తీసుకునేవాణ్ణి.

ఆ జాబితా సంగతి నాలుగు చోట్ల తెలిసింది. నగల అంగడివాళ్ళు, ట్రావెల్స్ వాళ్ళు బాషా దగ్గరికి వచ్చేవాళ్ళు. ఉత్తరం కింద రెండు వాక్యాలకు చోటిస్తే చాలు, ఒక నెల సంపాదన ఒక రోజులో ఇస్తాం అనేవాళ్ళు. బాషా ఆ సంగతి నాకు నవ్వుతూ చెప్పేవాడు. "ఈయప్ప ఏమంటాడో తెలుసునా సావుకారీ? మీ అంగట్లో తప్పేముండాదో చెప్పండి, దాంతోనే మొదలుపెడతా అంటాడు. వాళ్ళు లేసి పోతారు. ఇట్ల అయితే నా జిరాక్సు మిషన్ ఎప్పుడు మారుస్తా నేను?"

అప్పుడు హిందూపురం మనిషి వచ్చాడు. ఆయన దగ్గరికి కాదు, నా దగ్గరికి. కారు మా సందులో పట్టక వీధి మొదట్లోనే నిలిపి, శాలువా, పండ్ల బుట్ట మోయించుకుంటూ నడిచి వచ్చాడు. లోపలికి రాగానే మా తాత పటానికి చెప్పులు విడిచి దండం పెట్టాడు. ఆ పటానికి బయటివాళ్ళు దండం పెట్టి పదేళ్ళయింది.

"మీ తాత పేరు చెప్తే హిందూపురంలో ఇప్పటికీ లేసి నిలబడతారు సావుకారీ" అన్నాడు. పెనుకొండకు, హిందూపురానికి మధ్య ప్లాట్లు వేశాడట. ఫ్యాక్టరీలు వచ్చాక రోడ్డు పక్కన సెంటు భూమి దొరకడం లేదట. "మీ ఇండ్లకు ఒగే ఒగ ఉత్తరం. మీ మడతలాయన్ని ఫోన్లో అడిగితే, మీరు ఊఁ అనందే రాయనంటాండాడు. దుడ్లు ఎన్ని అడిగితే అన్ని ఇస్తా."

డబ్బు మాట నేను నోటితో కూడా అననివ్వలేదు. మా ఇంటి మాటకు వెల కట్టొద్దని చెప్పి, నేను చెప్తాను లే అన్నాను. ఒక్క పైసా తీసుకోలేదు. చాలా కాలం అదే నా సమాధానం అనుకున్నాను.

రెండు రోజుల తర్వాత మడతలాయన వచ్చాడు. నా ముందర ఆయన ఎప్పుడూ కూర్చోలేదు. ఆ రోజు కూడా గడప దగ్గరే నిలబడ్డాడు.

"రాయమంటారా, చిన్న సావుకారీ?"

"రాయి."

"ఆ జాగా మీరు చూసినారా?"

"చూసేదేముంది? పెద్దమనిషి వచ్చి చెప్పినాడు."

"అది కాదు. ఆడ తప్పేముండాదో తెలిస్తే మొదట అది రాస్తా. నీళ్ళు నిలిచేదో, కాగితం సరిలేందో, ఏదో ఒగటి ఉంటాది కదా. పొయ్యి చూసొస్తా, ఒగ దినం ఇయ్యండి."

నాకు కోపం వచ్చింది. జవాబు కోసం వచ్చిన హిందూపురం మనిషి డ్రైవరు వాకిలి బయట నిలబడి వింటున్నాడు. "మా నాయన ముందర ఇట్ల రెండోసారి అడిగుంటివా?" అన్నాను.

ఆయన చెయ్యి ద్వారబంధాన్ని నిమిరింది, అరచేతి వెనక భాగంతో. "లేదు సావుకారీ" అన్నాడు.

"ఆయన ఇంకేమన్నా అడిగితే అవి కూడా ఇచ్చేయి. పదేపదే నా దగ్గరికి రావద్దు."

ఆ శుక్రవారం ఉత్తరం పోయింది. పన్నెండేళ్ళలో తప్పుతో మొదలుకాని ఉత్తరం అదొక్కటే. దానిలో ఏం రాయాలో హిందూపురం మనిషే రాసి ఇచ్చాడు. జాగా పటాలు పంపాలి, జాబితా నకలు ఒకటి కావాలి అని అడిగితే, సావుకారి చెప్పినాడు కదా అని మడతలాయన అది కూడా ఇచ్చేశాడు. బాషా వద్దన్నాడట. "అడగొద్దన్నాడప్పా చిన్న సావుకారి" అన్నాడట ఈయన.

ముప్పై చిల్లర ఇండ్లు డబ్బు కట్టాయి. చీరలు కొనే ఇండ్లు కావడంతో కట్టిందీ చాలావరకు ఆడవాళ్ళే. పింఛను డబ్బు, కూతురు కోసం దాచిన బంగారం, అట్లాంటివి. ఆ ఏడు వానలు పడ్డాయి. ప్లాట్ల రాళ్ళ మీదికి మోకాలి లోతు నీళ్ళొచ్చాయి. అది చెరువు ముంపు భూమి. తలుపుల ఊరి నుంచి గొర్రెలు తోలుకొచ్చే కాపరులకు కూడా తెలుసు, నాకు తెలియదు. రెవెన్యూ వాళ్ళు వచ్చి రాళ్ళు పీకేశారు. హిందూపురం మనిషి ఆఫీసుకు తాళం, ఫోను పలకదు.

మడతలాయన నా దగ్గరికి రాలేదు. ఏం జరిగిందో బాషా చెప్పాడు. వారం వారం పొద్దున రైలుకు బెంగుళూరు పోయి, డబ్బు పోయిన ఇండ్ల తలుపులు ఒక్కొక్కటే తడుతున్నాడు. చేతిలో బొరుగుల పొట్లం, అదే ఆ రోజు తిండి. తలుపు తీస్తే, "ఆ ఉత్తరం రాసింది నేనే అమ్మా, తప్పు నాది" అని చెప్పి నిలబడేవాడు. కొందరు తిట్టారు. కొందరు తలుపు వేశారు. ఒక రిటైరైన టీచరమ్మ లోపలికి పిలిచి కాఫీ ఇచ్చిందట. తాగినాక ఆవిడ గ్లాసు తీసుకుని, "జాగా ఎట్లా ఉందో చూసే రాశారా?" అని మాత్రం అడిగిందట. చూడలేదని చెప్పాడట. ఎందుకు చూడలేదో చెప్పలేదు. ఏ ఇంట్లోనూ నా మాట రాలేదు.

ఒకసారి పెనుకొండ స్టేషన్లో ఎదురుపడ్డాడు. నేను అనంతపురం పోతున్నాను, ఆయన బెంగుళూరు నుంచి దిగాడు. మనిషి సగమయ్యాడు.

"ఏమప్పా, ఎంతకాలం తిరుగుతావిట్ల?" అన్నాను.

"ఇంకా పదకొండు ఇండ్లుండాయి" అన్నాడు. ఆ వెంటనే "మీరు బాగుండారా?" అని అడిగాడు. నా బండి వచ్చింది. ఆయన్ని నేను క్షమాపణ అడగలేదు. అడిగి ఉంటే ఆయన ఇబ్బంది పడేవాడని అప్పుడు నాకు నేనే చెప్పుకున్నాను.

అంతటితో అయిపోతే చీరలైనా నిలబడేవేమో. తప్పు రాసే అలవాటు మళ్ళీ మొదలుపెట్టాడు. ఇండ్లు తగ్గినా వెయ్యికి పైన మిగిలాయి. కానీ ఆరునెలలకు ఆ ఇండ్లకు వేరే ఉత్తరాలు రావడం మొదలైంది. తక్కువ వడ్డీకి అప్పులు, లాటరీ బహుమతులు, కీళ్ళ నొప్పుల మందులు. అన్నిటి కిందా మా ఇంటిపేరు ఉండేది. బాషా నన్ను అంగట్లోకి పిలిచి కంప్యూటర్లో చూపించాడు.

"పేర్లు చెయ్యి దాటిపోయినాయి సావుకారీ. ఆ హిందూపురపాయన ఎవురికి అమ్మినాడో, వాళ్ళు ఇంకెవురికి అమ్మినారో. మీ పేరుంటే జనం తెరిచి చదువుతారని తెలుసు వాళ్ళకు. అందుకే తగిలిస్తాండారు."

"ఆపేదానికి లేదా?"

"యాడని ఆపుతావు? గాలికి పోయిన పేలాలు ఏరినట్ల."

ఆ ఉత్తరాల్లో ఒకదాన్ని నమ్మి, ముందు కాఫీ ఇచ్చిన టీచరమ్మ మిగిలిన డబ్బు కూడా పంపేసింది. పోయిందానికి బదులుగా మేమే ఏదో తిరిగి ఇస్తున్నామని అందులో రాసి ఉందట. ఇంటికి వచ్చి తప్పు ఒప్పుకున్న మనిషే రాశాడని ఆవిడ నమ్మింది. ఆవిడ ఫోను చేసి చెప్పిన రోజు మడతలాయన బాషా అంగట్లో మధ్యాహ్నం దాకా కదలకుండా కూర్చున్నాడట. తర్వాత చేతులు కడుక్కుని ఒక ఉత్తరం రాయించాడు. పంపాడు. ఆ వెంటనే మిగిలిన పేర్లన్నీ తీసేయించాడు. అన్నీ పోయేదాకా నిలబడే ఉన్నాడట. తర్వాత ధర్మవరం రైలెక్కి వెళ్ళిపోయాడు. నెల తిరక్కముందే ఒక ఉదయం పడక మీద నుంచి లేవలేదు.

పదకొండో రోజుకు ధర్మవరం వెళ్ళాను. ఆయన ఇల్లు నేను చూడడం అదే మొదటిసారి. నాకు కుర్చీ వేశారు. మిగతా అందరూ చాప మీద కూర్చున్నారు. ఓబులేసు అనే నేతగాడు నన్ను చూసి కూడా గొంతు తగ్గించలేదు.

"పోతా పోతా మా నోట్లో మన్ను కొట్టిపాయె. మూడు చీరలు మగ్గం మీదుండాయి. ఎవురికి అమ్మేది? ఇన్నాళ్ళు తిండి పెట్టిన ఉత్తరాన్ని తన చేత్తోనే సంపినాడు."

"ఏం రాసినాడు?" అని అడిగాను. నాకు అప్పటికి తెలియదు. ఓబులేసు ఫోను నా ఒళ్ళో పెట్టాడు.

చిన్న ఉత్తరం. 'అమ్మా, ఈ ఇంటి పేరుతో వచ్చే ఏ ఉత్తరాన్నీ ఇకమీదట నమ్మవద్దు. డబ్బు అడిగినా, ఇస్తామన్నా నమ్మవద్దు. నేను రాసినట్టే ఉన్నా నమ్మవద్దు. ఈ పేరు ఇప్పుడు మా చేతిలో లేదు. చీర కావాలంటే ధర్మవరం రండి, మగ్గం ముందు నిలబడి చేత్తో చూసుకుని కొనండి. మీ పేర్లు నా దగ్గర తీసేస్తున్నాను. ఇదే ఆఖరు.' కింద మా ఇంటిపేరు.

రెండుసార్లు చదివాను. మా తాత నుంచి నా దాకా ఆ పేరును మేము బీరువాలో నగలాగా చూసుకున్నాం. ఆయన దాన్ని వెయ్యి ఇండ్ల ముందు నాలుగు వాక్యాల్లో తీసి పారేశాడు. నా ఒళ్ళు మండింది. ఆ మంట దిగడానికి కొంచెంసేపు పట్టింది. దిగినాక ఆ ఉత్తరంలో ఒక్క మాట కూడా తీసేయడానికి లేదనిపించింది.

అప్పుడు ఆయన భార్య లోపలి నుంచి వచ్చి నా కుర్చీ ముందు నిలబడింది. ఆవిడ నాతో మాట్లాడడం కూడా అదే మొదటిసారి.

"ఒగ మాట అడగాల సావుకారీ. అందరూ అంటాండారు, ఆయప్ప ఈ పని తనంతట తానే చేసినాడని. నలబై ఏండ్లు మిమ్మల్ని అడక్కుండా ఒగ చీర మడత మార్చలేదు నా మొగుడు. మీ పేరు అట్ల రాసేది మిమ్మల్ని అడిగే కదా రాసినాడు? అడక్కుండా చేసి పోయుంటే ఆయప్పకు మంచి గతి ఉండదు."

ఓబులేసు నా వైపు చూస్తున్నాడు. చాప మీద ఉన్నవాళ్ళంతా చూస్తున్నారు.

"అడిగినాడమ్మా" అన్నాను. "నేనే రాయమన్నా."

ఆవిడ మొహం తేటపడింది. నా కాళ్ళకు దండం పెట్టి లోపలికి పోయింది. ఓబులేసు తల వంచుకుని, నా ఒళ్ళోని ఫోను తీసి జేబులో పెట్టుకున్నాడు. సావుకారి చెప్పిన పని అయితే అడగడానికి ఏమీ లేదు కదా.

బయటికి వచ్చి ఆటో ఎక్కినాక అర్థమైంది నేను ఏం చేశానో. ఆ మనిషి తన జీవితంలో నన్ను అడక్కుండా చేసిన పని అదొక్కటే. దాన్ని కూడా నేనే తీసుకుని వచ్చాను.